ఆర్థిక మాంద్యంలో లారీ డ్రైవరు ఉపాధి మార్గాలు: బషీర్‌బాగ్ - ఆబిడ్స్ - నాంపల్లి పరిసరాల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

సరుకు రవాణా తగ్గినప్పుడు లారీ డ్రైవరు ఉద్యోగం ఒక్కరోజులో పోదు. లోడు కోసం ఎదురుచూసే రోజులు పెరుగుతూ, బత్తా తగ్గుతూ, అతని ఆదాయం క్రమంగా కరిగిపోతుంది. ఈ కారణంగానే అతడు నిరుద్యోగిగా ఏ లెక్కలోనూ కనిపించడు. 2018-20 నాటి మందగమనాన్ని, కోవిడ్ కాలాన్ని నేపథ్యంగా తీసుకొని, హైదరాబాద్ కేంద్రంగా లారీ డ్రైవర్లకు ఉన్న ప్రత్యామ్నాయ ఉపాధి మార్గాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డ్రైవరు నైపుణ్యానికి పత్రరూపం ఎంతవరకు ఉందన్న విషయమే అతని ప్రత్యామ్నాయాలను నిర్ణయిస్తున్నదనీ, మాంద్యకాలంలో అప్పుతో కొనుక్కునే మార్గం కన్న ధ్రువపత్రంతో తెరుచుకునే మార్గమే సురక్షితమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లారీ డ్రైవర్లు, ఆర్థిక మాంద్యం, లైసెన్సు, అసంఘటిత శ్రమ, ఉపాధి ప్రత్యామ్నాయాలు, హైదరాబాద్.

1. ఉపోద్ఘాతం

బేగంబజార్, ఉస్మాన్‌గంజ్, సిద్ధియంబర్ బజార్ల టోకు వ్యాపారం లారీల మీద ఆధారపడినది. ఆబిడ్స్, నాంపల్లి, బషీర్‌బాగ్ దుకాణాలకు చేరే సరుకులో అధికభాగం ఆ బజార్లలోని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ద్వారానే వస్తుంది. అయితే ఆ సరుకును వందల కిలోమీటర్లు మోసుకొచ్చిన డ్రైవరు ఈ వీధుల్లో పగటివేళ కనిపించడు. భారీ వాహనాలకు నగరంలో పగటిపూట ప్రవేశంపై ఆంక్షలున్నాయి. లారీ ఆటోనగర్‌లోనో, బాహ్యవలయ రహదారి సమీపంలోనో ఆగుతుంది. అక్కడి నుంచి చిన్న వాహనాలు సరుకును నగరంలోకి చేరవేస్తాయి.

దేశంలోని సరుకు రవాణాలో సుమారు 70 శాతం రోడ్డు మార్గానే సాగుతుందని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక పేర్కొన్నది. ఆర్థికవ్యవస్థ వేగం తగ్గిన ప్రతిసారీ దాని తొలి ప్రభావం పడే రంగాలలో ఇది ఒకటి. సిమెంటు కదలకపోయినా, ఉక్కు అమ్ముడుపోకపోయినా, దుకాణదారు నిల్వలు తగ్గించుకున్నా ముందు ఆగేది లారీ. ఆ లారీ యజమాని నష్టాన్ని గురించి, ఫైనాన్స్ సంస్థల బకాయిలను గురించి చర్చ జరుగుతుంది. లారీ నడిపే మనిషి తరవాత ఏం చేయగలడన్న ప్రశ్న మాత్రం తరచుగా చర్చకు రాదు. ఆ ప్రశ్నను మూడు అంశాలుగా విభజించి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం: మాంద్యం డ్రైవరును ఏ రూపంలో చేరుతుంది? అతనికి ఏయే మార్గాలున్నాయి? ఆ మార్గాలకు ప్రవేశార్హత ఏమిటి?

2. మాంద్యం డ్రైవరును చేరే తీరు

2.1 లోడు లేని రోజులు

కార్ఖానా కార్మికుడికి మాంద్యం లేఆఫ్ రూపంలోనో, తొలగింపు రూపంలోనో ఎదురవుతుంది. దానికి ఒక తేదీ ఉంటుంది, ఒక కాగితం ఉంటుంది. లారీ డ్రైవరుకు అలాంటి తేదీ ఉండదు. అతని సంపాదన సాధారణంగా రెండు భాగాలు: కొద్దిపాటి నెలజీతం, ట్రిప్పును బట్టి లేదా కిలోమీటర్లను బట్టి వచ్చే బత్తా. కొన్నిచోట్ల జీతమన్నదే ఉండదు, ట్రిప్పు లెక్కే మొత్తం ఆదాయం. నెలకు ఆరు ట్రిప్పులు తిరిగిన బండి నాలుగు ట్రిప్పులకు పడిపోతే డ్రైవరును ఎవరూ పని మానమనరు. అతని ఆదాయం మాత్రం దాదాపు అదే నిష్పత్తిలో పడిపోతుంది.

తిరుగు లోడు ఇందులో కీలకమైన అంశం. సరుకు దించిన ఊరి నుంచి ఖాళీగా వస్తే డీజిలు ఖర్చు యజమాని మీద పడుతుంది. అందువల్ల లోడు దొరికేదాకా అక్కడే ఆగమంటాడు. గిరాకీ బాగున్నప్పుడు ఒక పూటలో దొరికే తిరుగు లోడుకు మాంద్యంలో మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజులకు బత్తా ఉండదు, ఉన్నా సగమే. తిండి ఖర్చు, పార్కింగు ఖర్చు మాత్రం ఆగవు. ఈ వేచివుండే కాలం ఏ ఉపాధి సర్వేలోనూ నిరుద్యోగంగా నమోదు కాదు, ఎందుకంటే డ్రైవరు చేతిలో లారీ తాళం అలాగే ఉంటుంది.

2.2 2018-20 అనుభవం

2018 జులై 16న కేంద్ర ప్రభుత్వం సరుకు వాహనాల స్థూల బరువు పరిమితిని సుమారు 20 నుంచి 25 శాతం వరకు పెంచింది. రోడ్డు మీద ఉన్న అవే లారీలు మునుపటి కన్న ఎక్కువ సరుకు మోయగలిగాయి. 2017 జులై 1న జీఎస్టీ అమలులోకి రావడంతో రాష్ట్ర సరిహద్దుల్లో పన్నుల తనిఖీ కేంద్రాలు తొలగి, లారీలు త్వరగా తిరిగి రాగలిగాయి. ఈ రెండు మార్పులూ రవాణా సామర్థ్యాన్ని పెంచాయి. సరిగ్గా ఆ సమయంలోనే గిరాకీ మందగించింది. మోయగల శక్తి ఎక్కువై మోయవలసిన సరుకు తక్కువైతే కిరాయిలు పడిపోక తప్పదు. 2019-20 ఆర్థిక సంవత్సరంలో మధ్యతరహా, భారీ వాణిజ్య వాహనాల అమ్మకాలు 42 శాతానికి పైగా తగ్గాయి. కొత్త లారీ కొంటే కిస్తీ కట్టగలమన్న నమ్మకం యజమానుల్లో ఎంత సడలిందో ఈ అంకె చెబుతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన తరవాత రిజర్వు బ్యాంకు రుణ వాయిదాల చెల్లింపుపై మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు మారటోరియం ప్రకటించడానికి వీలు కల్పించింది. అది రుణగ్రహీతకు, అంటే లారీ యజమానికి ఊరట. జీతానికి నడిపే డ్రైవరుకు వాయిదా వేసుకోవడానికి బ్యాంకు అప్పు లేదు. అతడు చేసిన అప్పు కిరాణా కొట్టులోనో, వడ్డీ వ్యాపారి దగ్గరో ఉంటుంది. అక్కడ మారటోరియం వర్తించదు.

2.3 క్లీనరు కనుమరుగు కావడం

ఆదాయం తగ్గినప్పుడు యజమాని మొదట తగ్గించే ఖర్చు క్లీనరు. లారీ వృత్తిలో క్లీనరు సహాయకుడు మాత్రమే కాడు, రాబోయే డ్రైవరు కూడా. టైరు మార్చడం, తాడు కట్టడం, లోడు బరువు సరిచూడడం, ఘాట్ రోడ్డులో గేరు వాడడం అతడు బండిలోనే నేర్చుకుంటాడు. ఒక మాంద్యంలో క్లీనర్లు తగ్గితే, గిరాకీ తిరిగి వచ్చిన కొన్నేళ్లకు డ్రైవర్ల కొరత ఏర్పడుతుంది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో వెలువరించిన అధ్యయనంలో 84 శాతం డ్రైవర్లు ఈ వృత్తిని తమ కుటుంబసభ్యులకు, బంధువులకు సిఫారసు చేయబోమని చెప్పారు. డ్రైవర్లు దొరకడం లేదన్న యజమానుల మాట, పని దొరకడం లేదన్న డ్రైవర్ల మాట ఒకే దశాబ్దంలో వినిపించడానికి కారణం ఇదే.

3. చట్టం దృష్టిలో డ్రైవరు

పారిశ్రామిక వివాదాల చట్టం 1947 ప్రకారం ఏడాదిపాటు నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి తొలగించాలంటే నెలరోజుల నోటీసు, పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వవలసి ఉండేది. లారీ డ్రైవరు ఈ రక్షణ పొందాలంటే మొదట తాను ఎవరి దగ్గర, ఎప్పటి నుంచి పనిచేస్తున్నాడో రుజువు చేసుకోవాలి. నియామక పత్రం లేని వృత్తిలో ఆ రుజువు కష్టం. ఆ తరవాత తనను తొలగించారని కూడా రుజువు చేయాలి. ‘లోడు వస్తే పిలుస్తాం’ అన్న మాట తొలగింపు కిందికి వస్తుందా అన్నది తేలని ప్రశ్న.

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనికాలాన్ని నిర్దేశించింది. అయితే అది అయిదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. దేశంలోని లారీలలో అధికభాగం చిన్న యజమానుల చేతుల్లో ఉండడం వల్ల చాలామంది డ్రైవర్లు ఆ చట్టం వెలుపలే ఉండిపోయారు. ఈ చట్టాన్ని తనలో విలీనం చేసుకున్న వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలని చెప్పడం స్వాగతించదగినది. కాని అదే కోడ్‌లో మోటారు రవాణా సంస్థ నిర్వచనానికి కనీస కార్మికుల సంఖ్య పదికి పెరిగింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చినట్లు కేంద్రం ప్రకటించింది. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో తొలగింపునకు గురైన కార్మికుడికి 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తం అందించే పునర్నైపుణ్య నిధి ఉంది. ఆ నిధికి కూడా తొలగింపే అర్హత. వేచివుండడం అర్హత కాదు.

రాష్ట్ర ప్రభుత్వాల సహాయ పథకాలలోనూ ఇదే ధోరణి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 4న ప్రారంభమైన వాహనమిత్ర పథకం ఏటా 10,000 రూపాయలు ఇచ్చింది. సొంత ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీక్యాబ్ నడుపుకొనేవారు అందుకు అర్హులు. ఇతరుల లారీని జీతానికి నడిపేవాడికి అందులో చోటు లేదు. వాహనం పేరు మీద ఉన్నవాడే డ్రైవరుగా గుర్తింపు పొందడం ఈ పథకాల సామాన్య లక్షణం.

4. ప్రత్యామ్నాయ మార్గాలు

లారీ డ్రైవరు ముందున్న మార్గాలను ఆరు విధాలుగా వర్గీకరించవచ్చు. ప్రతి మార్గం విషయంలోనూ రెండు ప్రశ్నలు ముఖ్యం. ఆ తలుపు ఏ పత్రంతో తెరుచుకుంటుంది? సరుకు రవాణాను దెబ్బతీసిన మాంద్యమే ఆ మార్గాన్ని కూడా దెబ్బతీస్తుందా?

4.1 ప్రజా రవాణా

ప్రపంచమంతటా మహామాంద్యం కొనసాగుతున్న 1932లోనే హైదరాబాద్ సంస్థానంలో నిజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. నేటి ఆర్టీసీకి అదే మూలం. గిరాకీ హెచ్చుతగ్గులతో నిమిత్తం లేకుండా నెలనెలా జీతం వచ్చే డ్రైవరు ఉద్యోగం ఈ ప్రాంతంలో ఆ విధంగా మొదలైంది. లారీ డ్రైవర్లు ఆర్టీసీ కొలువును నేటికీ అత్యున్నత గమ్యంగా చూడడంలో ఆశ్చర్యం లేదు.

2025 సెప్టెంబరులో తెలంగాణ ఆర్టీసీలో 1,000 డ్రైవరు పోస్టుల భర్తీకి ప్రకటన వెలువడింది. పదో తరగతి ఉత్తీర్ణత, కనీసం 18 నెలలుగా చెల్లుబాటులో ఉన్న భారీ వాహన లేదా రవాణా వాహన లైసెన్సు, నిర్ణీత ఎత్తు, వయోపరిమితి ఇందుకు అర్హతలు. 20 ఏళ్లుగా ఘాట్ రోడ్లలో 40 టన్నుల బండి నడిపినవాడు ఏడో తరగతితో చదువు మానేసి ఉంటే ఈ పోటీలో నిలబడలేడు. రవాణా వాహన లైసెన్సుకు ఎనిమిదో తరగతి కనీస అర్హతగా ఉన్న కేంద్ర నిబంధనను 2019లో తొలగించారు. వృత్తిలో ప్రవేశం సులభమైంది. వృత్తి నుంచి మెరుగైన కొలువుకు వెళ్లే దారిలో మాత్రం చదువు అడ్డుగోడ అలాగే ఉంది.

2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 వరకు 52 రోజులపాటు సాగిన ఆర్టీసీ సమ్మెలో భారీ వాహన లైసెన్సు ఉన్నవారిని రోజుకూలిపై తాత్కాలిక డ్రైవర్లుగా తీసుకున్నారు. లోడు లేని కాలంలో అది చేతికందిన ఆదాయం. సమ్మె ముగియగానే అదీ ముగిసింది. ఒక శ్రామికవర్గపు ఇక్కట్లు మరొక శ్రామికవర్గానికి అవకాశమైనప్పుడు ఆ అవకాశం నిలబడదని ఈ అనుభవం తెలుపుతుంది. ఇక కొత్తగా వస్తున్న విద్యుత్ బస్సులు అధికంగా స్థూలవ్యయ ఒప్పందం కింద నడుస్తున్నాయి. వాటి డ్రైవర్లు ఒప్పంద సంస్థ ఉద్యోగులు. ఇక్కడ ప్రవేశం కొంత సులువైనా, శాశ్వత కొలువు భద్రత ఉండదు.

4.2 ప్రత్యేక అర్హత కోరే వాహనాలు

పెట్రోలు, వంటగ్యాసు, రసాయనాల వంటి ప్రమాదకర సరుకు రవాణా మాంద్యంలో కూడా పూర్తిగా ఆగదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 9వ నిబంధన ప్రకారం ఈ వాహనాలు నడపడానికి మూడు రోజుల శిక్షణ, లైసెన్సుపై ప్రత్యేక ఆమోదం అవసరం. ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. 2019 సవరణ తరవాత ఈ అనుమతి కాలపరిమితి మూడేళ్లు, సాధారణ రవాణా వాహన లైసెన్సుకు అయిదేళ్లు. తక్కువ ఖర్చుతో, అతి తక్కువ సమయంలో డ్రైవరు విలువను పెంచే పత్రాలలో ఇది ముఖ్యమైనది. ఈ విభాగం డ్రైవర్ల ప్రాముఖ్యం 2024 జనవరి 2న నగరం ప్రత్యక్షంగా చూసింది. భారతీయ న్యాయసంహితలోని 106(2) నిబంధనకు వ్యతిరేకంగా ట్యాంకరు డ్రైవర్లు బండ్లు ఆపడంతో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి.

పాఠశాల బస్సు రెండో మార్గం. సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం విద్యార్థుల బస్సు నడిపేవారికి భారీ వాహనాలు నడపడంలో కనీసం అయిదేళ్ల అనుభవం ఉండాలి. లారీ డ్రైవరు అనుభవానికి నేరుగా విలువ ఇచ్చే అరుదైన నిబంధన ఇది. రాత్రి ప్రయాణాలు ఉండవు, రోజూ ఇల్లు చేరవచ్చు. జీతం తక్కువ కావడం, సెలవు నెలల జీతం యాజమాన్యం దయపై ఆధారపడడం దీని పరిమితులు. పాఠశాలలు మూతపడిన 2020లో ఈ డ్రైవర్లు కూడా వీధిన పడ్డారు. అంటే సాధారణ మాంద్యాన్ని తట్టుకున్న మార్గం మహమ్మారిని తట్టుకోలేదు.

అమెరికాలో 1986 నాటి చట్టంతో ఏర్పడిన వాణిజ్య లైసెన్సు విధానాన్ని ఇక్కడ పోల్చి చూడవచ్చు. ప్రమాదకర సరుకు, ట్యాంకరు, ప్రయాణికుల వాహనం, పాఠశాల బస్సు వంటి వాటికి వేరువేరు ఆమోదాలను ఒకే లైసెన్సుపై చేర్చుకునే వీలు అక్కడ ఉంది. ఒక విభాగంలో గిరాకీ పడిపోతే మరొకదానిలోకి మారడానికి ఆ ఆమోదమే వంతెన. భారతదేశంలో అలాంటి విభజన పాక్షికంగానే ఉంది.

4.3 నగరంలో సరుకు పంపిణీ

భారీ లారీ నగరం అంచున ఆగిపోతున్నకొద్దీ నగరం లోపల చిన్న వాహనాల అవసరం పెరుగుతుంది. బాటసింగారం, మంగళ్‌పల్లి లాజిస్టిక్ పార్కులు ఇదే ఉద్దేశంతో ఏర్పడ్డాయి. 2005లో టాటా ఏస్ వచ్చిన తరవాత ఈ విభాగం విస్తరించింది. స్థూల బరువు 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది.

ఈ తీర్పు చిన్న వాహనాల డ్రైవర్లకు రక్షణ. లారీ డ్రైవరుకు మాత్రం ఇందులో వేరొక అర్థం ఉంది. ఈ విభాగంలో అతని భారీ వాహన లైసెన్సుకు అదనపు విలువ లేదు. కారు లైసెన్సున్న ఏ యువకుడైనా అతనికి పోటీ. పైగా మాంద్యంలో పని కోల్పోయిన ఇతర వృత్తులవారూ డెలివరీ పనికే వస్తారు. అందువల్ల ఇది త్వరగా దొరికే మార్గం, త్వరగా కిక్కిరిసే మార్గం కూడా. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్, ప్లాట్‌ఫారం కార్మికుల నమోదు, సామాజిక భద్రత, సంక్షేమానికి ముసాయిదా బిల్లును విడుదల చేయడం ఈ శ్రమను గుర్తించే దిశగా ఒక అడుగు.

4.4 సొంత వాహనం

ప్రతి డ్రైవరు కల సొంత బండి. ప్రభుత్వ పథకాలు కూడా ఈ కలకే మొగ్గు చూపాయి. 2014లో ప్రారంభమైన టీ-ప్రైడ్ కింద ఎస్సీ, ఎస్టీ ఔత్సాహికుల వాహన కొనుగోళ్లకు పెట్టుబడి రాయితీ లభించింది. నాంపల్లి హజ్ హౌస్‌లో ఉన్న మైనారిటీల ఆర్థిక సంస్థ డ్రైవర్లను యజమానులుగా మార్చే పథకాన్ని చేపట్టింది.

సామాజికంగా వెనుకబడిన వర్గాలకు ఆస్తి సమకూర్చే ఈ పథకాల ఉద్దేశం గొప్పది. ప్రశ్న సమయానికి సంబంధించినది. మాంద్యంలో బండి ధర తగ్గుతుంది, బకాయిల కింద జప్తయిన బండ్లు వేలంలో చవకగా దొరుకుతాయి. యజమాని కావడానికి ఇదే అదను అనిపిస్తుంది. కాని చవకగా దొరకడానికి కారణమే ఆ బండికి లోడు లేకపోవడం. జీతపు డ్రైవరుకు లోడు లేని రోజు ఆదాయం లేని రోజు మాత్రమే. అప్పున్న యజమానికి అదే రోజు నష్టపు రోజు. కిస్తీ, బీమా, పన్ను, ఫిట్‌నెస్, టైర్లు ఏవీ గిరాకీని చూసి ఆగవు. ముందస్తుగా ఒక కంపెనీతోనో, కార్ఖానాతోనో రాతపూర్వక రవాణా ఒప్పందం ఉంటే తప్ప మాంద్యకాలంలో యాజమాన్యం ప్రత్యామ్నాయం కాజాలదు. రాయితీ పథకాలు బండితోపాటు పని ఒప్పందాన్ని కూడా షరతుగా పెడితే లబ్ధిదారు నిలదొక్కుకునే అవకాశం పెరుగుతుంది.

4.5 విదేశీ ఉపాధి

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల డ్రైవర్లకు గల్ఫ్ పాత దారి. పదో తరగతి పాసుకాని వ్యక్తి పాస్‌పోర్టు సాధారణంగా వలస తనిఖీ అవసరమైన కోవలోకి వస్తుంది. నిర్దేశిత 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే వలస చట్టం 1983 కింద అనుమతి తప్పనిసరి. రిజిస్టరు అయిన ఏజెంటు సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించరాదు. ఈ పరిమితి తెలియక లక్షలు చెల్లించి, ‘ఆజాద్ వీసా’ల మీద వెళ్లి మోసపోయినవారు ఎందరో. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలోని తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ప్రభుత్వరంగ నియామక సంస్థ. డ్రైవరు ముందుగా సంప్రదించవలసిన చోటు అది.

ఈ మార్గానికీ మాంద్యం పరిమితి ఉంది. 2008 చివర దుబాయి నిర్మాణరంగం కుప్పకూలినప్పుడు తెలంగాణ కార్మికులు పెద్దసంఖ్యలో తిరిగివచ్చారు. ప్రపంచవ్యాప్త సంక్షోభంలో గల్ఫ్ ఆశ్రయం కాదు. అక్కడ ఇక్కడి లైసెన్సు కూడా సరిపోదు, ఆ దేశపు పరీక్ష నెగ్గాలి. మరోవైపు శ్రామికుల కొరత ఉన్న జపాన్ 2024 మార్చిలో నిర్దిష్ట నైపుణ్య వీసా విధానంలో మోటారు రవాణా రంగాన్ని చేర్చింది. అందుకు జపాన్ భాష, అక్కడి లైసెన్సు అవసరం. అంటే మధ్యవయసు డ్రైవరు కన్న యువ డ్రైవరుకే అది అందే దారి.

4.6 స్టీరింగు వదిలిన తరవాత

45 ఏళ్లు దాటిన డ్రైవరుకు చూపు, నడుము, రక్తపోటు సమస్యలు మొదలవుతాయి. అతనికి మాంద్యం వృత్తినే వదిలించే ఘట్టం కావచ్చు. గిడ్డంగి పర్యవేక్షణ, లోడింగు తనిఖీ, వాహనాల నిర్వహణ, రూటు ప్రణాళిక, డ్రైవింగు శిక్షణ వంటి పనులకు అతని అనుభవం నేరుగా పనికివస్తుంది. ఏ రోడ్డులో వానకాలం ఎక్కడ నీరు నిలుస్తుందో, ఏ సరుకును ఎలా పేర్చితే మలుపులో ఒరగదో చెప్పగలిగినవాడు రవాణా సంస్థకు విలువైన మనిషి. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో ఏర్పడిన డ్రైవింగు శిక్షణ సంస్థ వంటివి పెరిగితే శిక్షకుల అవసరం కూడా పెరుగుతుంది.

2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వాభ్యాస గుర్తింపు అనే విభాగం ఉంది. పనిలోనే నేర్చుకున్న నైపుణ్యాన్ని స్వల్పకాల అవగాహన తరగతులతో, పరీక్షతో అంచనావేసి ధ్రువపత్రం ఇస్తారు. లారీ డ్రైవరు వంటివారిని దృష్టిలో పెట్టుకున్నట్లు కనిపించే పథకం ఇది. దాన్ని ఉపయోగించుకునే తీరిక అతనికి ఎప్పుడు ఉంటుందన్నదే సమస్య. ఆ సమాధానం మాంద్యంలోనే ఉంది. లోడు కోసం వేచివుండే రోజులు శిక్షణకు అనువైన రోజులు. ఆ సమయంలో శిక్షణ లారీ ఆగినచోటికి రావాలి.

5. లారీకి ఖాతా, డ్రైవరుకు లేని ఖాతా

పై ఆరు మార్గాలనూ కలిపి చూస్తే ఒక సామాన్య సూత్రం కనిపిస్తుంది. బండి నడపడం రాకపోవడం వల్ల మూసుకుపోయిన తలుపు వీటిలో దాదాపు లేదు. పదో తరగతి పత్రం, ప్రమాదకర సరుకు ఆమోదం, అయిదేళ్ల అనుభవపు రుజువు, రవాణా ఒప్పందం, వలస అనుమతి, నైపుణ్య ధ్రువపత్రం, వీటిలో ఏదో ఒకటి లేకపోవడం వల్లనే తలుపులు మూసుకున్నాయి.

విచిత్రమేమంటే సరుకు రవాణాలో నేడు పత్రాలకు కొరత లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వేబిల్లు అమలైంది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోలుగేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఒక లారీ ఏ రోజు, ఏ సమయానికి, ఏ టోలుగేటు దాటిందో, ఎవరి సరుకు ఎక్కడికి మోసిందో యంత్రం చెబుతుంది. ఈ-వేబిల్లులో వాహనం నంబరు ఉంటుంది. ఆ వాహనాన్ని నడిపినవాడి పేరు ఉండదు. పదేళ్లలో పది లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీకి పూర్తి చరిత్ర ఉంటుంది. ఆ లారీని ఆ దూరమంతా ప్రమాదం లేకుండా నడిపిన మనిషి మాత్రం పాఠశాల బస్సు ఉద్యోగానికి వెళ్లి, అయిదేళ్ల అనుభవానికి రుజువు కోసం పాత యజమానిని బతిమాలవలసి వస్తుంది. 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్ అసంఘటిత కార్మికుడికి ఒక సంఖ్యను ఇచ్చింది. ఆ సంఖ్యకు అతని ట్రిప్పుల చరిత్రను జోడించే ఏర్పాటు ఉంటే అది నిజమైన వృత్తి ఖాతా అవుతుంది.

ఈ పత్రాలకు సంబంధించిన కార్యాలయాలు ఎక్కడున్నాయన్నది కూడా ఆలోచించదగిన విషయం. పారిశ్రామిక వాడలను అభివృద్ధి చేసే ప్రభుత్వ సంస్థ బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో ఉంది. రాయితీలు చూసే పరిశ్రమల కమిషనరేట్ ఆబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్‌లో ఉంది. మైనారిటీల ఆర్థిక సంస్థ నాంపల్లిలో, విదేశీ నియామక సంస్థ మల్లేపల్లిలో, రవాణా శాఖ కార్యాలయం ఖైరతాబాద్‌లో ఉన్నాయి. నాలుగైదు కిలోమీటర్ల పరిధిలో ఒక డ్రైవరు భవిష్యత్తును మార్చగల తలుపులన్నీ ఉన్నాయి. ఆ పరిధిలోకి అతని లారీ పగటిపూట రాలేదు. ఆ కార్యాలయాలు రాత్రిపూట తెరిచి ఉండవు. వేరే జిల్లా డ్రైవరు ఒక కాగితం కోసం బండిని నగరం అంచున అప్పగించి, బస్సెక్కి వచ్చి, సాయంత్రం లోడు సమయానికి తిరిగి చేరాలి. ‘రేపు రండి’ అన్న ఒక్క మాట అతనికి ఒక ట్రిప్పు ఖరీదు.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. మాంద్యం లారీ డ్రైవరును తొలగింపు రూపంలో కాక, లోడు లేని రోజుల రూపంలో చేరుతుంది. తొలగింపును అర్హతగా పెట్టుకున్న పరిహార, పునర్నైపుణ్య ఏర్పాట్లు అతనికి అందవు. నెలలో లోడు లేని రోజుల సంఖ్యను కూడా అర్హతకు కొలమానంగా గుర్తించాలి.

2. ప్రజా రవాణా అత్యంత సురక్షితమైన మార్గమైనా పదో తరగతి అర్హత చాలామందికి అడ్డు. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పూర్తిచేయడం డ్రైవరుకు చదువు మాత్రమే కాదు. ఆర్టీసీ కొలువుకు, వలస తనిఖీ అవసరం లేని పాస్‌పోర్టుకు అదే తాళంచెవి.

3. స్వల్పకాలంలో ఎక్కువ ప్రయోజనం ఇచ్చేది ప్రమాదకర సరుకు ఆమోదం. నగర పంపిణీ తాత్కాలిక ఆదాయానికి పనికివస్తుందే గాని, భారీ వాహన నైపుణ్యానికి అక్కడ విలువ లేదు.

4. రాతపూర్వక పని ఒప్పందం లేకుండా మాంద్యంలో అప్పు చేసి బండి కొనడం ప్రత్యామ్నాయాల్లో అత్యంత ప్రమాదకరమైనది. ధ్రువపత్రం పనికిరాకపోయినా దానికి కిస్తీ ఉండదు.

5. ఈ-వేబిల్లులో డ్రైవరు లైసెన్సు సంఖ్య నమోదుకు వీలు కల్పిస్తే అదనపు ఖర్చు లేకుండానే అనుభవపు రుజువు సమకూరుతుంది. ఆటోనగర్, బాటసింగారం, మంగళ్‌పల్లి వంటి లారీలు ఆగే చోట్ల రాత్రివేళ పనిచేసే సేవా కేంద్రం, నైపుణ్య పరీక్షా కేంద్రం ఏర్పడాలి.

క్లీనరు స్థానం ఖాళీ అయిన లారీలు, తమ పిల్లలకు ఈ పని వద్దనుకునే డ్రైవర్లు, ఈ రెండూ కలిస్తే రాబోయే దశాబ్దంలో సరుకు రవాణా ఎదుర్కొనే కొరత ఎలాంటిదో ఊహించవచ్చు. మాంద్యంలో డ్రైవరుకు మరో దారి చూపడం అతణ్ణి వృత్తి నుంచి పంపివేయడం కాదు. వేరే దారి కూడా ఉన్న వృత్తిలోకే కొత్తతరం ధైర్యంగా అడుగుపెడుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని లారీ కేంద్రాలలో, ముఖ్యంగా విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల, లోడు లేని రోజులను లెక్కగట్టే క్షేత్రస్థాయి పరిశోధనలు జరగవలసిన అవసరం ఉంది. లెక్కకు రాని నిరీక్షణ విధానాల దృష్టికీ రాదు.